కొలత తగ్గిన ఎర్ర చొక్కా

2004 ఫిబ్రవరిలో ఒక గురువారం ఉదయం తొమ్మిది గంటలకు, బారువలో పోలారావు కొత్త చొక్కాకు కుడి చెయ్యి తెగింది. పోలారావు అప్పటికి దాన్ని ఇంకా తొడుక్కోలేదు.

చొక్కా మిషన్ మీద ఉంది. మిషన్ ముందు ఆయన కోడలు కుసుమ ఉంది. మామూలు కుట్టు మిషన్ మీద ఆమె కొన్నేళ్లుగా ఊళ్లో వాళ్లకు జాకెట్లు కుడుతోంది. ఇది ఓవర్‌లాక్ మిషన్. గుడ్డ అంచు పీచు రాకుండా దారంతో అల్లుతుంది. అల్లే ముందు ఆ అంచును చిన్న కత్తితో కోస్తుంది. ఇన్నాళ్లూ ఆ పని కోసం కుసుమ జాకెట్లను సోంపేట పంపేది. ఇక పంపకూడదనుకుని పలాస షాపు నుంచి మిషన్ తెప్పించింది. శనివారం దాకా వాడి చూడమన్నారు.

"సొక్కా సరిగా వత్తే మిషన్ ఉంటాది. నేకపోతే ఎలిపోతాది" అని అత్త రత్నాలమ్మ ముందే చెప్పింది.

చొక్కా శుక్రవారానికి కావాలి. ఆ రోజు కుసుమ భర్త ఢిల్లీబాబు కొత్త పడవ సముద్రంలోకి దిగుతుంది. కొబ్బరికాయ కొట్టేది పోలారావు. ఎంత జనంలో ఉన్నా తాను కనిపించాలని ఎర్ర గుడ్డ ఎంచుకున్నాడు.

తెగిన చోటు చూసి కుసుమ కాలు ఆపింది. వసారాలో వల బాగు చేసుకుంటున్న పోలారావు లేచి వచ్చాడు. వలల విషయంలో బారువలో ఆయన మాటకు ఎదురు లేదు.

"దీనికేటి బెంగ? వల సిరిగితే ఏటి సేత్తాం? ముందు సుట్టూ కోసి సాపు సేత్తాం. అప్పుడు అల్లుతాం. ఇదీ అంతేనమ్మా."

కుసుమ కూడా వలల ఇంట్లో పుట్టిన మనిషే. మాట సబబుగా తోచింది. చెయ్యిని మోచేతి దగ్గర సాపు చేసి, రెండో చెయ్యినీ అదే కొలతకు తెచ్చింది. గుడ్డను గట్టిగా తోయడంతో చంక కింద కత్తి పడింది. అక్కడా సాపు చేశారు. కాసేపటికి చొక్కాకు చేతులు లేవు.

"గాలాడతాది" అన్నాడు పోలారావు.

తర్వాత పక్కలు వంకరపోయాయి. పక్కలు సాపు చేశారు. కోసినంత మేర వలను మళ్లీ అల్లవచ్చునని, గుడ్డను అల్లలేమని ఇద్దరికీ భోజనాల వేళ దాకా తట్టలేదు.

పొరుగింటి నూకరత్నం వచ్చి, మిగిలిన చొక్కాను ఎత్తి చూసింది.

"ఇది ఎవులికే?"

"మావయ్యకి."

"కొలత తీసే కుట్టినావా?"

"తీసే కుట్టాను పిన్నీ."

నూకరత్నం చొక్కాను మెల్లగా కింద పెట్టి, గబగబా వీధిలోకి వెళ్లింది. కొంతసేపటికి వీధి చివరి ఎర్రమ్మ కొబ్బరిబొండాల గెల పట్టుకుని వచ్చింది. ఆమె వెనక మరికొందరు వచ్చారు. పోలారావు అప్పుడు చేపల పులుసులోకి రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు.

"తిననీయే రత్నాలూ. తినగలిగినన్నాళ్లు తిననీ" అని ఎర్రమ్మ కళ్లు తుడుచుకుంది.

"నాకేటైంది?" అన్నాడు పోలారావు.

ఎర్రమ్మ రత్నాలమ్మ వైపు తిరిగింది. "ఈయనకి ఇంకా సెప్పనేదేటి? మనిషి కొలతే సగానికి పడిపోనాదని నూకరత్నం సెప్పినాది."

రత్నాలమ్మ బొండాలు లోపల పెట్టి, చొక్కా తెచ్చి అందరికీ చూపించి, జరిగింది చెప్పి పంపించింది. తర్వాత కోడలి దగ్గరకు వచ్చింది.

"బతికున్న మనిషిని పరామర్శకి ఎక్కించీసినావు. శనివారం పొద్దున్నే ఆటో ఎట్టుకుని రమ్మని పలాస ఫోన్ సేత్తాను."

అన్నట్టే ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లి ఫోన్ చేసింది.

కుసుమ నేల మీది ఎర్ర ముక్కలు ఏరుకుని మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. ఈసారి తోయలేదు. గుడ్డను సూది కింది మిషన్ పళ్లే లాక్కుంటున్నాయి. అంచును కత్తికి ఆనించి వదిలితే పీచు మాత్రమే తెగి పడుతోంది. వంపు దగ్గర కాలు నెమ్మదించాలి. దారం అయిపోతే పాతదాని కొసకు కొత్తది వల ముడి వేసి లాగాలి, సూది దాకా అదే వస్తుంది. మూల తిరగడం చేతికి రావడానికి ముక్కల్ని మూడేసి మూలలు వచ్చేలా కోసుకుంది. పొద్దువాలే వేళకు అన్నిటి అంచులకూ అల్లిక పడింది. ఒక్కటీ వంకర లేదు.

ఢిల్లీబాబు ఇంటికి వచ్చి ఆ ముక్కలు చూశాడు.

"పడవకి జెండాలు కూడా కుట్టీసినావా? నాను వాటికోసమే సోంపేట ఎల్దామనుకున్నాను."

కుసుమ మావగారి వైపు చూసింది. ఆయన వల వైపు చూశాడు.

"కుట్టాను" అంది కుసుమ.

శుక్రవారం పడవ దిగింది. పోలారావు భుజాన తువ్వాలు వేసుకుని కొబ్బరికాయ కొట్టాడు. మరో పడవ యజమాని జగన్నాథరావు జెండా అంచును గోటితో గీకాడు, పంటితో లాగాడు. దారం ఊడలేదు.

"మా జెండాలు ఈ గాలికి వారం తిరక్కుండా పీచు పీచైపోతన్నాయి. ఇవెక్కడివి బావా?"

"మా కోడలు కుట్టినాది" అన్నాడు పోలారావు. కొంచెం ఆగి, "పద్ధతి నాది" అన్నాడు.

శనివారం పొద్దున్న పలాస షాపువాడు ఆటోలో వచ్చాడు. లోపల మిషన్ తిరుగుతోంది. వసారాలో జగన్నాథరావు, మరో ఇద్దరు గుడ్డలతో కూర్చుని ఉన్నారు. రత్నాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మిషన్ తీసుకెళ్లమన్నారు కదమ్మా."

"మా కోడలు పనిలో ఉంది. ఎర్ర దారం తెచ్చినావా?"

అతను తేలేదు. ఆటో ఖాళీగా పలాస వెళ్లింది.