ప్రారంభోత్సవానికి ఒక ప్రయాణికుడు

ఈ నగరంలో ఏ పౌరుడికీ కారు అవసరం లేని రోజు తెచ్చి తీరతానని, ఆ రోజు వచ్చేదాకా తాను కారు దిగనని రవాణా శాఖ మంత్రిగారు ప్రతిజ్ఞ చేశారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. సభ ముగియగానే తిన్నగా వెళ్ళి కారెక్కారు. వెనక బారులు తీరిన కార్లలో ఆయన అనుచరులు కూడా అంతే పట్టుదలతో ఎక్కారు.

నేను బడిపంతులిని. రాజకీయాలు తెలియవు. బస్సులు కొంచెం తెలుసు. అప్పట్లో మా ఆవిడ ఊరి అవతలి చివర ఆస్పత్రిలో ఉండేది. బడి వదలగానే ఫ్లాస్కులో వేడి పాలు పోయించుకుని, బడి గేటు ముందు బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం ఆరయితే ఎవరినీ లోపలికి రానివ్వరు. బస్సు దయతలిస్తే మా ఇద్దరికీ ఓ అరగంట దొరికేది.

ఆ అరగంటలో తను మొట్టమొదట అడిగేది ఒకటే.

"మాస్టారూ, ఇవాళ కిటికీ దొరికిందా?"

పెళ్ళయిన కొత్తలోనే కిటికీ పక్క సీటు తనదని తేల్చి చెప్పేసింది. ఇప్పుడు తన బదులు నేను అక్కడ కూర్చుని, దారిలో ఏం చూశానో వెళ్ళి చెప్పాలి. ఒకరోజు నిలబడే వెళ్ళాను. "ఇవాళేం చూశారు?" అంది. "దారి పొడుగునా ఒకాయన చంక చూశాను" అన్నాను. నవ్వితే దగ్గొస్తుందని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

ప్రతిజ్ఞ తరవాత పనులు చకచకా సాగాయి. ముందు బస్సులకి ప్రత్యేకంగా దారి గీశారు. ఆ దారిలో బస్సులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటానికి అధికారుల కార్లు తిరగసాగాయి. కొన్నాళ్ళకి అధికారుల కార్లకి అడ్డొస్తున్నాయని బస్సుల్ని మళ్ళీ పాత దారిలోకి పంపేశారు. కార్లా, బస్సులా అని చర్చాగోష్ఠి కూడా పెట్టారు. బస్సుల తరఫున మాట్లాడవలసిన ప్రొఫెసరుగారు తన కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోవడం వల్ల రాలేకపోయారు. ఆయన రాలేకపోవడమే బస్సుల పక్షాన తిరుగులేని వాదన అని సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. గోష్ఠికి వచ్చిన కార్లు నిలపడానికి చోటు చాలక మా బడి ముందున్న బస్టాపు షెడ్డు పీకేశారు.

ఆ తరవాతి వారం రవాణా శాఖ ప్రత్యేకాధికారి మా స్టాఫ్ రూముకి వచ్చారు. చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపిస్తే, తుడిచి కూర్చున్నారు.

"మాస్టారూ, మీరు బస్సులో తిరుగుతారని విన్నాం. నిజమేనా?"

దొరికిపోయినవాడిలా తలూపాను.

"రోజూనా?"

"రోజూనేనండి."

"ఎవరి బలవంతమూ లేకుండా?"

"కారు లేదండి."

ఆయన వెంట వచ్చిన గుమాస్తా వైపు తిరిగారు. "చూశావా? స్వచ్ఛందంగా."

సంగతేమిటంటే, కొత్తగా ప్రజా బస్సు ప్రారంభిస్తున్నారు. మంత్రిగారి పక్కన నిజమైన ప్రయాణికుడు ఒకడు కూర్చోవాలి. శాఖలో పైనుంచి కిందిదాకా వెతికినా బస్సెక్కేవాడు దొరకలేదట. కండక్టర్లున్నారు గాని, వాళ్ళు టిక్కెట్టు కొనరు.

"నేను ఆరులోగా ఆస్పత్రికి వెళ్ళాలండి" అన్నాను.

"బస్సు వెళ్ళేదీ అటే. గేటు దగ్గర ఆపిస్తాం. అయినా ఆ రోజు మీకు వేరే బస్సు దొరకదు. ఊళ్ళో ఉన్నవన్నీ సభకి జనాన్ని తేవడానికి తీసుకున్నాం. బస్సెక్కండని చెప్పాలంటే వినడానికి జనం ఉండాలి కదా."

ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. "కిటికీ పక్క సీటు ఇస్తారా?" అని మాత్రం అడిగాను.

"కెమెరాకి కూడా అదే మంచిది."

సాయంత్రం ఈ మాట చెబితే మా ఆవిడ తలగడ మీద నుంచి కొంచెం లేచింది.

"టీవీలో వస్తారా? అయితే నీలం చొక్కా వేసుకోండి. బీరువాలో అడుగునుంది."

"మంత్రిగారు నా పక్కనే కూర్చుంటారట."

"కూర్చుంటే కూర్చోనివ్వండి. కిటికీ వైపు మాత్రం జరగనివ్వకండి."

ఆ రోజు నీలం చొక్కా వేసుకుని, ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళాను. ప్రజా బస్సు ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతోంది. ఎక్కాక పోల్చుకున్నాను. అది మొన్నమొన్నటిదాకా రోజూ నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళిన బస్సే. మా ఆవిడ తల ఆనించుకునే కిటికీ కమ్మీ కాస్త వంగి ఉండేది. రంగేసినా ఆ వంపు పోలేదు.

మంత్రిగారు మాట్లాడారు. ఈ బస్సు పొగ వదలదు, చప్పుడు చెయ్యదు, ఎవరినీ గుద్దదు అన్నారు. చప్పట్లు ఆగలేదు. రిబ్బను కత్తిరించి, వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మాస్టారూ, మామూలుగా కాళ్ళెక్కడ పెట్టుకుంటారు?"

"కిందేనండి."

"పైన ఆ కమ్మీ దేనికి?"

"నిలబడేవాళ్ళు పట్టుకోవడానికండి."

ఆయన చాలాసేపు పైకి చూశారు. "డబ్బిచ్చి నిలబడతారా?"

"చోటు దొరికితేనండి."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. అది ఫొటో తీశారు. తరవాత ఆయన లేచి, వెనక తలుపు గుండా దిగి, అక్కడ ఆగి ఉన్న తన కారెక్కారు. అధికారులు, అనుచరులు వరసగా ముందు తలుపులో ఎక్కి, నాకు నమస్కారం పెట్టి, వెనక తలుపులోంచి దిగి, ఎవరి కార్లు వాళ్ళెక్కారు. ఒక్క బస్సు గుండా అంతమంది ప్రయాణించడం నేనెన్నడూ చూడలేదు.

చివరికి నేనూ, డ్రైవరూ మిగిలాం. డ్రైవరు స్టీరింగు వదిలి ఒళ్ళు విరుచుకున్నాడు.

"అయిపోయింది మాస్టారూ, దిగండి."

"ఆస్పత్రి గేటు దగ్గర ఆపుతామన్నారు."

"ఆపాలంటే ముందు కదలాలి కదండీ. మొన్న రిహార్సల్లో పొగొచ్చిందని ఇంజను పీకేశారు. రెండో విడతలో పెడతారట."

"మరి ఇందాక స్టీరింగు తిప్పుతున్నావు?"

"టీవీవాళ్ళు చూస్తుంటే చేతులు ముడుచుకుని ఎలా కూర్చోమంటారు?"

దిగాను. ప్రత్యేకాధికారి కారు అద్దం దించారు. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది.

"మిమ్మల్ని నేనే దింపేవాణ్ణి మాస్టారూ. కాని ప్రజా బస్సు ప్రయాణికుడు కారెక్కితే జనంలోకి తప్పుడు సందేశం పోతుంది. మీరు అర్థం చేసుకోగలరు."

అర్థం చేసుకున్నాను. నడిచాను. దారంతా కార్లు. కార్ల మధ్య, బస్సెక్కమని విని తిరిగొస్తున్న జనంతో బస్సులు. ఏదీ కదలడం లేదు. అన్నిటికన్నా నేనే ముందు వెళ్ళాను. అయినా గేటు మూసేశారు. ఫ్లాస్కయినా వార్డుకి పంపమంటే, బయటి వస్తువులు పుచ్చుకోకూడదని కాపలావాడు మర్యాదగానే చెప్పాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను. బస్సు ఖాళీగా వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆగిపోయిన కారుని నలుగురు తోస్తుంటే అందులో ఉన్నాయన హారన్ కొడుతున్నాడు. ఒక గోడ మీద మంత్రిగారి ముఖానికి తడి చొక్కా ఆరేశారు. ఇవి తనకి చెప్పాలని గుర్తు పెట్టుకున్నాను.

వార్డులో ఆయా మా ఆవిడ మంచం మీద దుప్పటి మారుస్తోంది. నన్ను చూసి ఆగింది.

"నిన్న టీవీలో మిమ్మల్ని చూశారండీ అమ్మగారు. మా మాస్టారికి కిటికీ దొరికిందని వార్డంతా చెప్పారు. బస్సెక్కేశారు, వచ్చేస్తారని నాచేత తల దువ్వించుకుని, గుమ్మం వైపు తిరిగి పడుకున్నారు. మళ్ళీ లేవలేదండీ."

ఆయా పాత దుప్పటి చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

ఫోను మోగింది. ప్రత్యేకాధికారి.

"మాస్టారూ, నిన్న బ్రహ్మాండంగా జరిగింది. చిన్న విషయం. ఒక్క ప్రయాణికుడైనా గమ్యం చేరినట్టు పైవాళ్ళకి చెప్పాలి. మీరు ఆస్పత్రికి చేరారు కదా?"

"చేరానండి."

"ప్రయాణం హాయిగా సాగిందా?"

ఫ్లాస్కు మంచం పక్క బల్ల మీద పెట్టాను.

"కిటికీ దొరికిందండి" అన్నాను.