మా ఏసీ లీకు వర్ధిల్లాలి!

ఏసీలో గ్యాసు లీకవడం అదృష్టవంతుల ఇళ్లలోనే జరుగుతుంది. నవ్వకండి! నాలుగేళ్లుగా ఆ అదృష్టాన్ని అనుభవిస్తున్నవాణ్ణి.

లీకు లేని ఇంట్లో ఏముంటుంది? చల్లదనం. అంతేగా! మా ఇంట్లో పైపు మీద ఐసు పేరుకుంటుంది, గదిలో చెమటలు కారతాయి. ఒకే మెషీన్లో రెండు కాలాలు! కంప్రెసరైతే పాపం క్షణం ఆగదు. అంత ఒళ్లొంచి పనిచేసేవాడు మా ఆఫీసులో ఒక్కడైనా ఉన్నాడా?

పైగా ఏటా మెకానిక్ దర్శనం. ఆయన గుమ్మంలో నిలబడే "గ్యాస్ అయిపోయింది సార్" అని తేల్చేస్తాడు. పది టెస్టులు రాసే డాక్టర్లు ఆయన్ని చూసి సిగ్గుపడాలి! సిలిండర్ తగిలించి, గ్యాసు పట్టి, టీ తాగి వెళ్తాడు. రెండు నెలలు హాయి. ఆ తర్వాత మళ్లీ ఐసు.

"పట్టిన గ్యాసంతా ఎటు పోతోందో అడగొచ్చుగా?" అంది మా ఆవిడ ఓసారి. కసురుకున్నాను. పని తెలిసినవాణ్ణి ప్రశ్నిస్తామా!

ఈమధ్య మా అమ్మాయి నెలల పాపతో వచ్చింది. రెండు రోజులకే పాప మెడంతా చెమటకాయలు. గుక్కపట్టి ఏడుస్తోంది. నిజం చెప్తున్నా, నా ప్రాణం విలవిల్లాడింది. చెప్పులేసుకుని మెకానిక్ షాపుకి పరిగెత్తాను.

లోపల అడుగుపెడితే షాపు ఏసీ చలికి వణుకొచ్చింది.

"దీనికి గ్యాసెప్పుడు పట్టావయ్యా?"

"కొని పదకొండేళ్లు సార్, ఒక్కసారీ పట్టలేదు. ఖర్చయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? లోపల్లోపలే తిరుగుతుంటుంది. తగ్గిందంటే లీకున్నట్టే."

"మరి మా ఇంట్లో చూడలేదేం?"

"గ్యాసు పట్టమన్నారు, పట్టాను. లీకు చూడమని ఎప్పుడన్నా అన్నారా?"

ఆయన్ని వెంటబెట్టుకొచ్చేసరికి మా ఆవిడ బాల్కనీలో ఉంది. చేతిలో అంట్లు తోమే సబ్బు నురగ. పైపు చివర నట్టుకి పూసింది. అక్కడ బుడగలు ఒకదాని వెనక ఒకటి ఉబ్బుతున్నాయి.

"ఇదిగో, మీ గ్యాసు పోయే దారి!" అంది.

మెకానిక్ స్పానర్‌తో నట్టు అర చుట్టు బిగించి మళ్లీ నురగ పూశాడు. బుడగ రాలేదు. గ్యాసు పట్టాడు. అరగంటలో పాప నిద్రపోయింది.

"ఇంత తెలిసినదానివి, ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాను.

"పని తెలిసినవాళ్లని ప్రశ్నించకూడదన్నారుగా!" అంది, చేతులు కడుక్కుంటూ.