తొంభై ఆరు పాలపళ్ళు, ఒక అపరాధ పరిశోధకుడు

"ఎవరూ కదలకండి! ఊపిరి కూడా నన్నడిగి పీల్చండి! ఈ భవనంలో ఉన్న ఒకే ఒక్క మెదడు ఇప్పుడే పని మొదలుపెట్టింది!"

సోమవారం పొద్దున దంతవైద్య కళాశాల పరిశోధన గదిలో, మూడు కాళ్ళ స్టూలు ఎక్కి కాదిర్‌కుల్ చేసిన ప్రకటన ఇది. నిజానికి అది నాలుగు కాళ్ళ స్టూలే. నాలుగోది ఏమైందన్న కేసు ఇంకా తేలలేదు. మెదడు పని మొదలుపెట్టిన మరుక్షణం స్టూలు పని మానేసింది. అపరాధ పరిశోధకుడు ప్లాస్టర్ బస్తా మీద పడి, పిండిలో దొర్లిన పిల్లిలా తెల్లగా లేచాడు.

"చూశారా, నేరస్థుడు స్టూలును కూడా వదల్లేదు," అన్నాడు తుమ్ముతూ.

కళాశాల పేరు చెప్పను. చెబితే నాకక్కడ మళ్ళీ టీ పుట్టదు. కిర్గిజ్ కొండల్లో ఒక పట్టణం అనుకోండి, చాలు. కాదిర్‌కుల్ అక్కడ పోతల గదిలో ఉద్యోగి. జనం నోట్లో మెత్తటి మైనం పెట్టి కరిపించి, ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి పళ్ళ నమూనాలు తయారుచేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అందులో వంక పెట్టడానికి లేదు. దానితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. బజార్లో పాత పుస్తకాల బండి మీద అట్టలూడిన డిటెక్టివ్ నవలలు కొని చదవడంతో వచ్చింది తంటా. అప్పటికి అతను చేపట్టిన కేసులు రెండు. ఒకటి డీన్‌గారి కళ్ళజోడు, అది డీన్‌గారి నెత్తి మీదే దొరికింది. రెండోది తన సొంత గొడుగు, దాని దర్యాప్తు ఆరో ఏట నడుస్తోంది.

ఈసారి మాత్రం వ్యవహారం ఆషామాషీది కాదు. పోయింది జీపార్ డబ్బా.

జీపార్ అక్కడ పరిశోధన చేస్తున్న పిల్ల. రెండు వేసవులు కళాశాల బస్సులో కొండెక్కి, గొర్రెల కాపరుల గుడారాల దాకా వెళ్ళి, పిల్లల పుచ్చుపళ్ళు బాగుచేసి, ఊడిన పాలపళ్ళు అడిగి తెచ్చుకుంది. ఏ వాగు నీళ్ళు తాగే పిల్లలకు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడుతున్నాయో ఆ పళ్ళే చెప్పాలి. మొత్తం తొంభై ఆరు. ఒక్కో పన్ను ఒక్కో కాగితం పొట్లంలో, పొట్లం మీద బిడ్డ పేరు, వయసు, ఊరు. అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి బీరువాలో దాచింది. శుక్రవారం పరిశీలన సంఘం వస్తుంది. సోమవారం చూస్తే డబ్బా లేదు.

"పళ్ళు చూపించకపోతే అంకెలన్నీ ఇంట్లో కూర్చుని అల్లావంటారమ్మా," అన్నాడు డీన్. ఆయన గొంతులో కోపం లేదు, దిగులుంది. "నీ పేరు కొట్టేస్తారు. దాంతోపాటు వచ్చే వేసవికి బస్సూ ఆపేస్తారు."

జీపార్ కళ్ళు తుడుచుకుని కాదిర్‌కుల్ వైపు తిరిగింది. "అన్నా, నీకు దణ్ణం పెడతాను. వెతికిపెట్టు. కానీ డిటెక్టివ్‌లా వద్దు, మామూలుగా వెతుకు."

ఆ మాటలో మొదటి ముక్కే అతని చెవిన పడింది. పళ్ళు చూసే చిన్న అద్దం తీసి, భూతద్దంలా పట్టుకుని బీరువాలోకి దూరాడు. అద్దంలో ముందు తన ముక్కుపుటమే కనబడింది. అనుమానంగా దాన్నే కాసేపు పరిశీలించాడు.

"తాళం పగల్లేదు! తలుపు విరగలేదు! ఇది అసాధ్యమైన నేరం!"

"తాళంచెవి ఆ పక్క మేకుకే ఉంటుందన్నా. అందరికీ తెలుసు."

"అందరికీ తెలుసంటే అందరూ అనుమానితులే!" అని, రెండో అరలో ఏదో పట్టుకుని పైకెత్తాడు. "ఆహా! రొట్టె రజను! దొంగ రొట్టె తింటూ దొంగతనం చేశాడు. ఎంత కరడుగట్టిన గుండె కావాలి!"

నేల తుడిచే బురుల్ పెద్దమ్మ అప్పుడే పని ముగించుకుని పోబోతూ బకెట్ దించింది. తెల్లవారక ముందే వచ్చి, అందరూ వచ్చేసరికి వెళ్ళిపోయే మనిషి. "నాయనా, ఏమిటి గోల? ఆ డబ్బా సంగతైతే నువ్వు ఆ రోజు..."

"పెద్దమ్మా! మేధావులు ఆలోచిస్తున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు."

"మంచిదే నాయనా," అని ఆవిడ బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం కాదిర్‌కుల్ తన సిద్ధాంతం బయటపెట్టాడు. దొంగ కొరికిన రొట్టె ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అప్పుడు పంటిగాట్లు పోల్చాలంటే అందరి కాటూ ముందే సిద్ధంగా ఉండాలి. గేటు దగ్గర మైనం పళ్ళెం పెట్టుకుని నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు కరిపించాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు తెమిర్‌లాన్. పళ్ళు పీకడం నేర్పే అధ్యాపకుడు, నోట్లో నాలుగు బంగారు పళ్ళున్న మనిషి.

"కరిచి చూపించు."

"నేనెందుకు కరవాలి?"

"కరవనివాడే దొంగ."

"ఒరే, నువ్వు బలే చిక్కులోడివిరా," అని కరిచి పోయాడు. అలా నలభై మూడు కాట్లు పోగయ్యాయి. మూడో ఏడాది విద్యార్థుల పరీక్షకని దాచిన మైనం మొత్తం అయిపోయింది.

బుధవారం నలభై మూడు ప్లాస్టర్ నోళ్ళు బల్ల మీద బారుగా పళ్ళికిలించాయి. అందరినీ పిలిపించి, వెనక చేతులు కట్టుకుని పచార్లు చేశాడు. ఠక్కున ఒక నమూనా ఎత్తాడు.

"చూడండీ నోరు! ముందుపళ్ళు వంకర. అంటే మాటకు నిలకడ లేదు. కోరలు అరిగాయి. అంటే అంతరాత్మ నిద్రపోనివ్వక రాత్రంతా పళ్ళు కొరుకుతున్నాడు. ఎడమ దవడలో సందు. ఆ సందులో ఇరుక్కున్న రొట్టే బీరువాలో రాలింది! అబద్ధాలకోరు, గొప్పలరాయుడు, పనికిమాలినవాడు! ఈ నోరే ఈ నేరానికి మూలం!"

తెమిర్‌లాన్ నమూనా అడుగున ఉన్న నంబరు చూసి, జాబితాలో వేలు పెట్టాడు.

"ఒకటో నంబరు. కాదిర్‌కుల్. పక్కన 'మచ్చుకు నాదే' అని నువ్వే రాసుకున్నావు."

నవ్వు పైకప్పుకు తగిలింది. డీన్ బల్ల పట్టుకుని నవ్వాడు. "నేరస్థుడు నా నోటిని నకలు చేశాడు..." అంటూ కాదిర్‌కుల్ ఏదో గొణిగాడు గాని, అతనికే నమ్మబుద్ధి కాలేదు. నవ్వని మనిషి జీపార్ ఒక్కతే.

"అన్నా," అంది మెల్లగా, "ఆ మైనంతో పిల్లలు పరీక్షకు సాధన చెయ్యాలి. నావెలాగూ పోయాయి. వాళ్ళదీ ఎందుకు పాడుచేశావు?"

తిట్టినా బావుండేది. కాదిర్‌కుల్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ రాత్రి నవల ముట్టుకోలేదు. ఆ పిల్ల రెండు వేసవుల కష్టాన్ని తను వినోదం చేసుకున్నాడని అతనికి తెలిసొచ్చింది. తెలిసొచ్చి మంచమెక్కి ఊరుకున్నాడా అంటే, లేదు. బుద్ధి వచ్చినా అలవాటు పోదు కదా.

గురువారం తెల్లవారకుండానే దూదితో గడ్డం అంటించుకుని, పెరట్లో గులాబీ మడి వెనక నక్కాడు. నేరస్థుడు నేరస్థలానికి తిరిగొస్తాడని పదకొండు నవలల్లో చదివాడు. ఎవరూ రాలేదు. కళాశాల కుక్క కుమాయిక్ మాత్రం వచ్చి, గడ్డం వాసన చూసి, తుమ్మి పోయింది. కుమాయిక్ అంటే మా పాటల్లో తోడేలును తరిమి పట్టే వేటకుక్క పేరు. ఇది గేటు దాకా పోవడానికి రెండుసార్లు కూర్చుంటుంది.

పొద్దెక్కేసరికి అతని కడుపు కరకరలాడింది. ముందురోజు అవమానం తప్ప ఏమీ తినలేదు మరి. వెనక గుమ్మం పక్క కిటికీ గట్టు మీద, శుభ్రమైన గుడ్డ పరిచి, నిమ్మకాయంత రొట్టెముద్ద. పైన వెన్న మెరుస్తోంది. రొట్టె ఎదురైతే నోట తగిలించకుండా దాటిపోకూడదు. అమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది, అన్నిటికంటే గట్టిగా ఆకలి చెప్పింది. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, మనసారా ఒక కొరుకు కొరికాడు.

ఫట్!

ఆ చప్పుడుకు గోడ మీది పావురాలు లేచాయి. కాదిర్‌కుల్‌కు కళ్ళముందు చుక్కలు కనబడ్డాయి. అరచేతిలోకి ఉమ్మితే మూడు ముక్కలు. రెండు తన దవడపన్నువి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న సరుకు, పోల్చుకోలేడా? మూడోది బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, గోధుమరంగు మచ్చతో, ముద్దుగా ఉంది.

"హత్యాప్రయత్నం!" అని అరిచాడు దవడ పట్టుకుని. "అంతర్జాతీయ ముఠా! నాకు హెచ్చరిక పంపింది!"

గుమ్మంలోంచి బురుల్ పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో నాయనా, నువ్వు తిన్నావా? అది కుక్కదిరా!"

"కుక్కదా?"

"కుక్కదే! రెండు ముద్దలు చీకటితోనే పెట్టేశా, మూడోదానికి అది మళ్ళీ పడుకుందని గట్టు మీద పెట్టాను. ఇప్పుడా ఎస్యెన్ బిడ్డకు పన్నెలా వస్తుంది?"

ఆవిడ కొంగు ముడి విప్పి చూపించింది. పన్నెండు ఖాళీ పొట్లాలు, పేరు పేరునా. "రోజుకు మూడు. ఒక్క బిడ్డ పన్నుకు ఒక్క ముద్ద. పేరు చదివి, 'పాతది తీసుకో, గట్టిది ఇవ్వు' అని చెప్పి మరీ నా చేత్తో తినిపిస్తున్నా. ఒకేసారి పెడితే కుక్కకు అజీర్తి చెయ్యదూ?"

"మిగతావి?"

"చీపుర్ల గదిలో, డబ్బాలోనే ఉన్నాయి. అయినా నన్నడుగుతావేమిటి? చెయ్యమంది నువ్వే కదా!"

అప్పుడు గుర్తొచ్చింది కాదిర్‌కుల్‌కు. పోయిన శుక్రవారం బురుల్ పెద్దమ్మ ఆ డబ్బా చూసి కంగారుగా అతని దగ్గరికే వచ్చింది. 'పసిపళ్ళు ఇలా బంధించి పెడితే ఎలా నాయనా? మన ఆచారం ప్రకారం రొట్టెలో పెట్టి కుక్కకు తినిపించకపోతే వాళ్ళకు కొత్తవి వస్తాయా?' అని అడిగింది. తను కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, నవల్లోంచి తల ఎత్తకుండా, గొప్పగా అన్నాడు: 'రావు పెద్దమ్మా. తొంభై ఆరుగురూ బోసినోళ్ళతోనే పెళ్ళికొడుకులూ పెళ్ళికూతుళ్ళూ అవుతారు. ఏదైనా చెయ్యగలిగితే నువ్వే చెయ్యాలి.'

"సోమవారం చెప్పబోయాను. మధ్యలో మాట్లాడొద్దన్నావు. సరే, పెద్దవాడు ఏదో రహస్యంగా జరిపిస్తున్నాడులే అనుకున్నాను," అంది బురుల్.

ఒకటో నంబరు నమూనా పళ్ళికిలిస్తూ కళ్ళముందు కదిలింది. అది ఒక్కటే నిజం చెప్పింది పాపం.

"పెద్దమ్మా, ఆ పళ్ళు లేవని జీపార్ మూడు రోజులుగా ఏడుస్తోంది."

బురుల్ మొహం వాడిపోయింది. "నాకెవరు చెప్పారురా? ఆ పిల్ల ఏడుస్తోందా? అయ్యో, నా తల్లి!"

ఇంతలో కుమాయిక్ ఒళ్ళు విరుచుకుంటూ వచ్చింది. కాదిర్‌కుల్ చేతిలోంచి జారిన రొట్టెముక్కను నోట కరుచుకుని, మర్యాదగా గులాబీ మడిలోకి పోయి, గొయ్యి తవ్వి పాతిపెట్టింది.

"ఓసి దొంగముండా! తింటున్నావనుకున్నానే!" అని బురుల్ నోరు నొక్కుకుంది.

ఆ మధ్యాహ్నం డీన్‌గారి గులాబీ మడికి పూర్తిస్థాయి శస్త్రచికిత్స జరిగింది. విద్యార్థులు పళ్ళు గీరే పరికరాలతో మట్టి గీరారు. ఇచ్చిన పదకొండులో తొమ్మిది దొరికాయి. ఏది ఏ బిడ్డదో బురుల్ చూడగానే చెప్పింది. నోట్లోంచి వచ్చినదాంతో కలిపి తొంభై నాలుగు. రెండు మాత్రం కుమాయిక్ మొదట్లో మొహమాటానికి మింగినట్టుంది.

శుక్రవారం సంఘం ముందు జీపార్ ఏదీ దాచలేదు. రెండు పళ్ళు కుక్క తిందని కాగితం మీదే రాసి చదివింది. కాదిర్‌కుల్ వాచిన దవడతో లేచి నిలబడ్డాడు.

"అయ్యా, తప్పు నాది. ఆవిడను ఉసిగొల్పింది నేను. నోరు పారేసుకున్నాను. తర్వాత నాలుగు రోజులు నన్ను తప్ప అందర్నీ అనుమానించాను. ఈ అమ్మాయి లెక్కలు నిజం. నేను కొరికి మరీ చూశాను."

సంఘం పెద్దాయన గడ్డం నిమురుకుంటూ బురుల్ వైపు చూశాడు. "ఆ పోయిన రెండు ఎవరివమ్మా?"

"అయ్‌జమాల్‌ది, ఎరాలీది," అని ఆవిడ పొట్లాలు చూడకుండానే చెప్పింది. "వాళ్ళిద్దరికీ మాత్రం దిట్టమైన పళ్ళొస్తాయి. చూస్తూ ఉండండి."

పెద్దాయన భుజాలు కదిలాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, "నా పాలపళ్ళూ కుక్కే తిందమ్మా," అని జీపార్ కాగితం మీద సంతకం పెట్టాడు. కొలతలు తీయడం అయ్యాక ఏ బిడ్డ పన్ను ఆ బిడ్డకే బస్సులో తిరిగిచ్చేస్తానని జీపార్ మాటిచ్చింది. రొట్టెముద్దలు చేయడానికి బురుల్ పెద్దమ్మకు బస్సులో సీటు ఖాయమైంది.

ఇక మిగిలింది అపరాధ పరిశోధకుడి దవడ. మైనం లేక మూడో ఏడాది వాళ్ళ పరీక్ష ఆగిపోయింది కదా. డీన్ సోమవారానికల్లా మైనం తెప్పించాడు, రోగిని కూడా ఏర్పాటు చేశాడు. పద్నాలుగు మంది విద్యార్థులు కుర్చీ చుట్టూ మూగారు.

"ఒక్కొక్కరూ అచ్చు తీయండి," అన్నాడు తెమిర్‌లాన్ బంగారు పళ్ళు మెరిపిస్తూ. "కరిచి చూపించు కాదిర్‌కుల్. కరవనివాడే దొంగ."

పదకొండో విద్యార్థి వంతు నడుస్తుండగా కిటికీలోంచి బురుల్ పెద్దమ్మ తొంగి చూసింది. ఒక చేతిలో రొట్టెముద్ద, పక్కన కుమాయిక్. ముద్దలో విరిగిన దవడపన్ను ముక్క కనబడుతూనే ఉంది. కాదిర్‌కుల్ నోటినిండా మైనంతో "ఊఁ! ఊఁ!" అని చేతులూపాడు.

"కంగారుపడకు నాయనా," అంది ఆవిడ. "ఈ వయసులో కొత్త పన్ను రాదని నాకూ తెలుసు. కొత్త బుర్ర కోసం మొక్కుకున్నాను."

కుమాయిక్ ముద్దను వాసన చూసింది. ఈసారి పాతిపెట్టలేదు. రొట్టె అంతా శుభ్రంగా తినేసి, పన్నును గచ్చు మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది.