అంచు పగిలిన సర్వపిండి

బాలప్ప ఆ ఉదయం బండి తెరుద్దామనుకోలేదు. గాలికి స్టవ్వు మంట నిలుస్తుందో లేదో చూసి ఇంటికి పోదామనుకున్నాడు. ఆరు కాకముందే పటాన్‌చెరులో బోల్టుల ఫ్యాక్టరీ గేటు ముందు బండి ఆపాడు. ముప్పై ఏళ్లు అక్కడే క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒక్కటి సరిగ్గా కుదిరేదాకా కాల్చాలని బేసిన్ నిండా పిండి తెచ్చుకున్నాడు.

గిన్నెలో బియ్యప్పిండి తట్టి కాల్చే సర్వపిండి బండి పెడదామని భార్య అరుణమ్మ పదకొండేళ్లు అడిగింది. ఆమె కాల్చిన ప్రతిదాన్నీ బోల్టులు కొలిచే వెర్నియర్‌తో కొలిచి, "ఇంకా కుదరలే, వచ్చే దసరాకు సూద్దాం" అనేవాడు. మూడు దసరాల కింద ఆమె పోయింది. ఆ బండి తనకూ కావాలని అప్పుడు తెలిసింది.

మొదటిది అంచు పగిలింది. రెండోది ఒక పక్క మాడింది. మూడోది కొలతకు వచ్చింది. మొదటి రెండూ పళ్లెంలో పెట్టి మూత వేశాడు. ఆ మూతే కొంప ముంచింది.

రాత్రి షిఫ్టు దిగి వస్తున్న మొగులమ్మ వాసనకు ఆగింది. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఊడ్చే మనిషి.

"బాలప్పన్నా, ఒకటియ్యి."

"ఇంకా తెరవలే."

"మరి మూత కింద ఏంది?"

"అవి రిజెక్ట్. నీకియ్య."

"నాకియ్యవా? స్టాఫోళ్ల కోసం దాసినవా?"

క్యాంటీన్‌లో స్టాఫ్‌కు ఒక కూర, కాంట్రాక్టు వాళ్లకు ఒక కూర. ఆ మంట అందరి కడుపులోనూ ఉంది. ఐదు నిమిషాల్లో షిఫ్టు దిగిన కాంట్రాక్టు వాళ్లు నలభై మంది చేరారు. పది నిమిషాల్లో గేటుకు అడ్డంగా కూర్చున్నారు. పొద్దుటి షిఫ్టు బస్సు వచ్చి ఆగి హారన్ కొట్టింది. బాలప్ప దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు అతని కుర్చీలో కూర్చున్న నరేష్ లోపలి నుంచి ఉరికొచ్చాడు.

"సార్ రిజెక్ట్ అన్నడంటే రిజెక్టే! ఎవలూ తినొద్దు!"

"విన్నరా? మనం తినొద్దంట!" మొగులమ్మ అరిచింది. అందరూ అరిచారు.

పగుళ్లు చూపిస్తే నమ్ముతారని బాలప్ప మూత తీశాడు. ఆమె ముక్క విరిచి నోట్లో వేసుకుంది.

"ఏమైందన్నా దీనికి? మంచిగనే ఉన్నది గదా!"

అరుణమ్మ కూడా ఇదే అడిగేది.

ఇక కొలిచే తీరిక లేదు. నాలుగు గిన్నెల్లో పిండి తట్టాడు, కాల్చాడు, విరిచి ఇచ్చాడు. ఒకటి మందం, ఒకటి పల్చన, ఒకటి ఏ ఆకారమో చెప్పలేం. తలా ముక్క తిని లేచారు. కొలతకు వచ్చినదాన్ని చాపితే మొగులమ్మ మొహం తిప్పుకుంది.

"గది స్టాఫ్‌ది లెక్కున్నది. మాకొద్దు."

బస్సు లోపలికి పోయింది. గేటు ముందు ఎవరూ లేరు. నరేష్ అటూ ఇటూ చూసి బండి దగ్గరికొచ్చాడు.

"సార్, పగిలింది ఒకటున్నదా?"

"అయిపోయినయ్. రేపు రా."

"ఎన్నింటికి సార్?"

"ఆరింటికి."

అరుణమ్మకు పదకొండేళ్లలో ఒక్కసారీ టైం చెప్పలేదు.