ఖాళీగా తిరిగిరాని స్టీలు డబ్బా

"అన్నా, ఈ అచ్చంపేటల పనిచేసే బుర్ర ఒక్కటే ఉన్నది. అది నా మెడ మీద ఉన్నది," అని ప్రకటించాడు వెంకట్రాములు.

అప్పుడతను చొక్కా తిరగేసి తొడుక్కుని ఉన్నాడు. నేను చెప్పలేదు. అంత బుర్ర ఉన్నవాడికి మనం చెప్పేదేముంది.

వెంకట్రాములు నా తోడల్లుడు. అతని భార్య వనజ, నా భార్య మాలతి అక్కాచెల్లెళ్లు. మాలతి పోయాక మధ్యాహ్నం పూట నా భోజనం వాళ్లింట్లోనే. అన్నం వనజ పెడుతుంది. దానికి శిక్షగా వెంకట్రాములు మాటలు వినాలి. బస్సుల్లో టికెట్లు చెక్ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సర్వీసు మొత్తంలో టికెట్ లేని ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణే పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి దగ్గర పాసు ఉంది. పైగా ఆయన డిపో మేనేజరు మామగారు. అప్పటి నుంచి వెంకట్రాములు తనను తాను డిటెక్టివ్ అనుకుంటున్నాడు.

"కేసేంది?" అన్నాను.

"హత్యాప్రయత్నం."

"ఎవరి మీద?"

"నీ మరదలి మీద."

నా మరదలు వంటింట్లో నిక్షేపంగా ఉల్లిగడ్డలు తరుగుతోంది.

సంగతి ఇది. వనజకు యాభై దాటాయి. నెలసరి ఆగిపోయి ఏడాదైంది. ఉన్నట్టుండి ఛాతీలోంచి మొహం దాకా వేడి ఎగదన్నుతుంది. చలికాలంలో కూడా ఫ్యాను వేసుకుంటుంది. గుండె దడ, మెడ వెనక నొప్పి. దవాఖానలో డాక్టరమ్మ బీపీ ఎక్కువగా ఉందని చెప్పింది. ఉప్పు తగ్గించి, రోజూ ఇంట్లో చూసుకుని, రెండు వారాల తర్వాత రమ్మంది. అప్పటికీ దిగకపోతే గోళీలు మొదలుపెడదామంది.

వనజ భయపడింది గోళీలకు కాదు. మాలతికి కూడా ఇదే వయసులో ఇవే ఆవిర్లు, ఇదే మెడనొప్పి. వయసు, అన్నారు అందరూ. చుట్టాలూ అన్నారు, సూదులు వేసేవాడూ అన్నాడు. ఆమె చేతికి పట్టీ చుట్టి బీపీ చూసినవాడు ఒక్కడు లేడు. ఒక పొద్దున బట్టలుతికే బండ దగ్గర పడిపోయింది. మళ్లీ లేవలేదు. వయసు అన్నవాళ్లలో ఒక్కరితో కూడా నేను ఈ రోజుకీ మాట్లాడను.

అందుకే వనజ బీపీ మిషన్ కొనుక్కుంది. పొద్దున చాయ్ తాగకముందు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, చెయ్యి బల్ల మీద చాపి, కాసేపు ఊరికే కూర్చుని అప్పుడు బటన్ నొక్కాలి. మాట్లాడకూడదు. ఆ ఇంట్లో ఈ చివరిదే కష్టం.

"ఎంతొచ్చింది?" అనేవాడు వెంకట్రాములు.

"ఇంక రాలే."

"ఎక్కువొస్తదా?"

"నువ్వు మాట్లాడుతుంటే ఎక్కువనే వస్తది. బయటికి పో."

బయటికి వెళ్లి కిటికీలోంచి అడిగేవాడు. ఆమె కిటికీ మూసింది.

అయినా అంకె దిగలేదు. నూట యాభై, నూట యాభై రెండు, మళ్లీ నూట యాభై. ఇంట్లో ఉప్పు సగానికి సగం పోయింది. పప్పన్నం తింటుంటే తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. నేను మజ్జిగ పోసుకుని మింగేసేవాణ్ణి. వెంకట్రాములు మాత్రం బుర్ర తీశాడు.

"ఉప్పు పోయింది. బీపీ పోలే. అంటే ఏంది?"

"ఏంది?"

"లోపలి మనిషి ఎవరో ఉప్పు కలుపుతున్నరు. తెల్లటి విషం, అన్నా. నెమ్మదిగ పనిచేస్తది."

"లోపల ఉండేది మీరిద్దరే గదా."

"అదే నన్ను భయపెడుతున్నది."

వేలిముద్రల కోసం ఉప్పు జాడీ మూత మీద పసుపు చల్లాడు. మర్నాడు వనజ వేళ్లు పచ్చగా ఉన్నాయి. పక్కింటి మెహరున్నిసా వేళ్లు పచ్చగా ఉన్నాయి. ఎదురింటి రంగమ్మ వేళ్లూ అంతే.

"ముఠా," అన్నాడు గొంతు తగ్గించి.

వంట చేసేవాళ్ల వేళ్లు ఇంకే రంగులో ఉంటాయని అడిగాను. ఆ కోణాన్ని తాను ముందే కొట్టేశానన్నాడు.

తర్వాత డబ్బా కనిపెట్టాడు. రోజూ పొద్దున వనజ బీపీ చూసుకోగానే, తువ్వాల కప్పిన స్టీలు డబ్బా ఒకటి ఇల్లు దాటుతుంది. రంగమ్మ ఇంటికి పోతుంది, అక్కడి నుంచి మెహరున్నిసా ఇంటికి పోతుంది, చివరికి ఇల్లు చేరుతుంది.

"పోయేటప్పుడు తేలిగ్గ పోతున్నది. వచ్చేటప్పుడు బరువుగ వస్తున్నది. చెకింగ్ సర్వీసన్నా నాది. లగేజీ సంగతి నాకు తెల్వదా?"

"వనజను అడుగు."

"డిటెక్టివ్ అడగడు. కనుక్కుంటడు."

నేను డిటెక్టివ్‌ను కాను కాబట్టి అడిగాను.

"అండ్ల బీపీ మిషనుంటది బావా," అంది వనజ. "దాని సంచి ఎలుక కొరికింది. రంగమ్మకు, మెహరున్నిసాకు గూడ నా తీరుగనే ఆవిర్లు. ఒకరి తర్వాత ఒకరం చూసుకుంటున్నం. గాయనకు చెప్పకు. బస్టాండు దాక చాటింపేస్తడు."

నేను చెప్పలేదు. డబ్బా బరువుగా ఎందుకు వస్తుందని అడగాలని నాకు తోచలేదు. పనిచేసే బుర్ర ఉందని నేనెప్పుడూ ప్రకటించలేదు.

వెంకట్రాములు నిఘా మొదలుపెట్టాడు. మెహరున్నిసా భర్త లాల్ అహ్మద్‌కు ట్రాలీ ఆటో ఉంది. అది వాళ్ల గుమ్మం ముందే ఆగి ఉంటుంది. అందులో గోనెసంచుల కింద దూరి, ఆ గుమ్మం మీద కన్నేసి పడుకున్నాడు. పడుకున్నవాడు నిద్రపోయాడు. కాసేపటికి నాకు ఫోను వచ్చింది.

"అన్నా, నన్ను ఎత్తుకపోతున్నరు."

"ఎవరు?"

"తెల్వదు. మొఖానికి ముసుగేసిండ్రు."

"చేతులు కట్టేసిండ్రా?"

"లేదు."

"అయితే ముసుగు తీసెయ్యి."

కాసేపు గరగర చప్పుడు. తర్వాత, "గోనెసంచి, అన్నా," అన్నాడు.

నాగర్‌కర్నూల్ మార్కెట్లో లాల్ అహ్మద్ సంచులు దింపబోతే, వాటిలో ఒకటి లేచి నిలబడి చేతులెత్తమంది. అతను చేతులెత్తలేదు. "రాములు భాయ్, చెప్తే ముందు సీట్ల కూసోబెట్టుకుంటుంటి గదా," అన్నాడు. చాయ్ తాగించి సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చాడు.

"శత్రువు మర్యాదస్తుడు. అందుకే ఇంక ప్రమాదం," అని తేల్చాడు వెంకట్రాములు.

మర్నాడు తన ఇంటి గేటు దగ్గరే కాపు కాశాడు. ఆ రోజు మెహరున్నిసా ఇంటి నుంచి డబ్బాను రంగమ్మ పట్టుకొచ్చింది. అడ్డం నిలబడి మూత తీశాడు. లోపల గుడ్డలో చుట్టిన మిషన్. దాని పక్కన రెండు చిన్న గిన్నెలు. ఒక దాంట్లో చింతకాయ తొక్కు, ఇంకో దాంట్లో నిమ్మకాయ అచార్.

"ఇదేంది?"

"ఏమున్నది రాములన్నా, తొక్కు," అంది రంగమ్మ. "ఒకరింటి డబ్బా ఖాళీగ ఎట్ల పంపుతరు? మెహరున్నిసా గూడ గంతే."

మా వైపు ఎవరింటి గిన్నె అయినా ఉత్తగా తిరిగి వెళ్లదు. ఏదీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు. ఇది పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వెంకట్రాములు మాత్రం దాన్ని సాక్ష్యం అన్నాడు.

"విషపరీక్ష చెయ్యాలె, అన్నా."

"హైదరాబాదు పంపు."

"ల్యాబు ఇక్కడనే ఉన్నది," అని పొట్ట నిమురుకున్నాడు.

"నా పొద్దుటి రొట్టెలకు జరంత మిగలనియ్యవా?" అని వనజ లోపలి నుంచి అడిగింది.

"ప్రాణం మీదికొస్తే నా ప్రాణం మీదికే రానీ," అన్నాడు వేడి అన్నం కలుపుకుంటూ.

ఆ రోజు నుంచి డబ్బాలో ఏమొచ్చినా జప్తే. తొక్కు, అచార్, సకినాలు, ఊరబెట్టి ఎండబెట్టిన మిరపకాయలు. లక్షణాలేమైనా కనిపించాయా అని అడిగితే, ఇంకొంచెం తింటే గాని చెప్పలేనన్నాడు. మేమిద్దరం అట్టముక్కలు నములుతుంటే అతని విస్తరి ఒక్కటే ఎర్రగా మెరిసేది.

వనజ అంకె కదిలింది. నూట నలభై నాలుగు వచ్చింది. తర్వాత నూట ముప్పై ఎనిమిది. రెండు వారాలు నిండే రోజున నూట ముప్పై రెండు. మిషన్ చెడిందనుకుని రెండో చేతికి కూడా చుట్టుకుంది. అదే వచ్చింది.

"నేనేం మార్చలే బావా," అంది నమ్మలేక.

"నేను రంగంలకు దిగిన. శత్రువు జారుకున్నడు," అన్నాడు వెంకట్రాములు. "నేరం ఎట్ల జరిగిందో చూపిస్త. ఇగో, బాధితురాలు గిట్ల కూసుంటది." వనజ కూర్చునే కుర్చీలో తాను కూర్చుని, ఆమెలాగే పట్టీ చుట్టుకుని, బటన్ నొక్కాడు. పట్టీ ఉబ్బింది. దిగింది.

నూట డెబ్బై ఎనిమిది. కింద నూట ఆరు.

"కుట్ర," అన్నాడు.

"నోరు మూసి కూసో," అంది వనజ. కాసేపాగి మళ్లీ నొక్కింది. పెద్దగా తేడా లేదు. ఆమె మొహంలో రంగు పోయింది. ఆ మొహం నేను ఎరుగుదును. బండ దగ్గర పడి ఉన్న అక్కను చూసినప్పుడు అట్లాగే ఉంది.

"ఏం తిన్నవు ఇన్ని రోజులు?"

"సాక్ష్యం."

ఆమె డబ్బా వైపు చూసింది. "బావా, గవన్నీ ఈయన జప్తు చెయ్యకముందు నేను తింటుంటి. రోజు పొద్దుగాల రొట్టెలకు."

"ఉప్పు తగ్గించమన్నరు గదా నిన్ను."

"కూరల ఉప్పు సగమే వేస్తున్న గదా బావా. తొక్కును ఉప్పని ఎవరంటరు? అది తొక్కు గదా."

చెయ్యి పట్టుకుని మొగుణ్ణి దవాఖానకు లాక్కుపోయింది. డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది. వనజకు ఇప్పటికి గోళీలు వద్దంది. నెలసరి ఆగాక బీపీ చప్పుడు లేకుండా పెరగొచ్చనీ, అన్నీ ఆవిర్ల మీదికి నెట్టకుండా చూసుకుంటూనే ఉండమనీ చెప్పింది. తర్వాత వెంకట్రాములు వైపు తిరిగింది.

"ఇది నాలుగు రోజుల తొక్కుతో వచ్చింది కాదు. ఎన్నాళ్ల నుంచో ఉన్నట్టుంది. ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"డిటెక్టివ్‌కు బీపీ ఉండది మేడమ్."

ఆమె గోళీలు రాసింది.

బస్టాండులో ఇప్పుడు అతను చెప్పే కథ వేరు. తన శరీరాన్నే ఎరగా వేసి ముఠాను బయటికి లాగాడట. డబ్బా ఇంకా తిరుగుతూనే ఉంది, ఖాళీగా పంపడం వాళ్ల వల్ల కాదు. కాకపోతే ఇప్పుడు జామకాయలొస్తాయి, లేకపోతే ఉప్పు వెయ్యని వేయించిన పల్లీలు.

రోజూ పొద్దున వనజ అతణ్ణి కుర్చీలో కూర్చోబెడుతుంది. వీపు ఆనాలి, పాదాలు ఆనాలి, నోరు మెదపకూడదు. అతను నోరు తెరవబోతాడు. ఆమె వేలు చూపిస్తుంది. మూసుకుంటాడు. ఆ ఇంట్లో గోడగడియారానికి చప్పుడు ఉందని నాకు ఇన్నేళ్లకు తెలిసింది. అది వినడానికి ఇప్పుడు పొద్దునే వెళ్తున్నాను.

అట్లా ఐదు నిమిషాలు కూర్చుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. వనజ అరగంట కూర్చోబెడుతోంది.

నేను అతనికి చెప్పలేదు. డిటెక్టివ్ కదా, కనుక్కోనీ.