అంతస్తు మారిన సోఫా

శనివారం పదింటికి మంచాలిచ్చే సంస్థ నుంచి ఓంగ్ మేడమ్ వస్తుంది, ఇల్లు ఖాళీగా ఉందని కళ్లారా చూస్తుంది, కాగితం మీద మంచం అని రాసుకుని వెళ్లిపోతుంది. తియల్ పార్ ఆ పొద్దున వేసుకున్న పథకం ఇంతే. మేడమ్‌ను తీసుకురావడానికి స్టేషన్‌కు బయల్దేరే ముందు నాలుగో అంతస్తుకు ఎక్కి, లియాన్ చుంగ్ కుటుంబానికి మరోసారి చెప్పింది: ఏదీ సర్దొద్దు, ఏదీ దాచొద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి.

లియాన్ చుంగ్, అతని భార్య, తల్లి దాట్ చిన్ బర్మా కొండలు వదిలి కౌలాలంపూర్ చేరి ఇరవై రెండు రోజులైంది. ఇంట్లో ఉన్నవి మూడు చాపలు, రెండు గిన్నెలు, ఒక బకెట్. ముసలావిడ మోకాళ్లు బాగా పాడయ్యాయి. చాప మీద పడుకుంటే ఆమెను లేపడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ పనికి వెళ్లిన రోజు సాయంత్రం దాకా ఆమె అలా పడుకుని ఉండాల్సిందే. మేడమ్ వాళ్ల సంస్థ ఏ ఇంటినైనా ఒక్కసారే చూస్తుంది. అక్కర్లేదని రాస్తే మళ్లీ ఏడాది దాకా రాదు.

తియల్ పార్ కూడా ఆ కొండల మనిషే. ఎనిమిదేళ్ల కిందట వచ్చి, అదే భవనంలో రెండో అంతస్తులో ఉంటోంది. కొత్తగా వచ్చినవాళ్లకు సాయం చేసే కమిటీలో పనిచేస్తూ, ఇంతవరకు ఒక్క ఫారంలోనూ ఒక్క అబద్ధం రాయలేదు.

రైలు ఆలస్యమై, మేడమ్‌తో కలిసి తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది. తలుపు తెరుచుకోగానే తియల్ పార్ గడప దగ్గరే బిగుసుకుపోయింది. ఎదురుగా ఆకుపచ్చ సోఫా. దాని పక్కన ఫ్రిజ్. టేబుల్ మీద ఫ్యాన్ హాయిగా తల తిప్పుతోంది. పూల దుప్పటి పరిచిన మంచం మీద దాట్ చిన్ పట్టపురాణిలా కూర్చుని ఉంది. వెనక గోడకు పెళ్లి ఫోటో. అందులో పెళ్లికూతురు తియల్ పార్.

మేడమ్‌ను సోఫాలో కూర్చోబెట్టి, లియాన్ చుంగ్‌ను వంటగదిలోకి లాక్కుపోయింది.

"వచ్చిన మనిషిని నేలమీద కూర్చోబెడితే మన కొండల పరువేం కావాలని మా అమ్మ గొడవ అక్కా. ఒక్క కుర్చీ అడుగుదామనే మీ ఇంటికెళ్లా. కుర్చీ కాలు ఊగుతోంది, సోఫా తీసుకుపో అన్నాడు బావ."

"మరి ఫ్రిజ్?"

"చల్లటి నీళ్లివ్వాలి కదా. అంతస్తులో అందరూ తలో చెయ్యి వేశారు."

"మంచం?"

"సోఫాలో కూర్చుంటే అమ్మ లేవలేదు."

"ఫోటో ఎందుకురా?"

"గోడ బోసిగా ఉందని బావే మేకు కొట్టాడు."

తియల్ పార్ బయటికి వచ్చేసరికి ఓంగ్ మేడమ్ కలం ఫ్రిజ్ దాటి మంచం దగ్గరికి వచ్చింది. అవసరం లేదు అన్న గడిలో టిక్కు పడబోతోంది.

"మేడమ్, ఇవన్నీ మావి," అంది తియల్ పార్.

మేడమ్ ఫోటో వైపు చూసింది, తియల్ పార్ వైపు చూసింది, ముఖం ఎర్రబడింది. "అంటే కొత్తవాళ్లకిచ్చిన ఇంట్లో మీరు కాపురం పెట్టారా?"

కాదని, తన ఇల్లు రెండో అంతస్తులో ఉందని తియల్ పార్ చెప్పింది. అదీ చూద్దాం పదండి అంటూ మేడమ్ ముందు నడిచింది.

రెండో అంతస్తులో కర్టెన్ కూడా మిగల్లేదు. రాత్రంతా హోటల్ వంటగదిలో పనిచేసి వచ్చిన తియల్ పార్ భర్త థాంగ్ బిక్, నిన్నటి పేపరు నేలమీద పరుచుకుని నిద్రపోతున్నాడు. అలికిడికి లేచి, అతిథిని చూసి, మర్యాదగా ఆటల పేజీ విడదీసి ఆమె కోసం పక్కన పరిచాడు.

"కూర్చోండి మేడమ్."

ఓంగ్ మేడమ్ కూర్చోలేదు. ఖాళీ గోడల వెంట ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"ఎనిమిదేళ్లుగా ఇలాగేనా?"

"కాదండీ, పొద్దున దాకా అన్నీ ఉన్నాయి."

"పొద్దున ఉన్నవి పైవాళ్లకిచ్చేశారు. ఇక ఏమీ చెప్పకండి," అంది మేడమ్, కళ్లు తుడుచుకుంటూ.

తియల్ పార్ అరగంట సేపు నిజం చెప్పింది. చెప్పిన కొద్దీ అది ఆమె వినయమని మేడమ్‌కు నమ్మకం పెరిగింది. సోమవారం సంస్థ కార్యాలయానికి కూడా వెళ్లి చెప్పింది. అప్పటికే మేడమ్ నోట ఆమె త్యాగం కథ అక్కడందరూ విన్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మంగళవారం వ్యాను వచ్చింది. మంచం, సోఫా, ఫ్రిజ్, ఫ్యాన్ అన్నీ రెండో అంతస్తులో దిగాయి. వాటిని పైకి పంపుదామని తియల్ పార్ రశీదు తిప్పి చూస్తే, ఇచ్చిన సామాను ఇంకొకరికి ఇవ్వకూడదని ఉంది. ఆమె తల పట్టుకుని కూర్చుంది.

"వాళ్లిచ్చింది మనం కదపకూడదు, అంతే కదా. మనమిచ్చింది కదపాలని ఎక్కడా రాయలేదు," అన్నాడు థాంగ్ బిక్.

ఆ విధంగా పాత మంచంతో సహా అన్నీ నాలుగో అంతస్తులోనే ఉండిపోయాయి. ఫోటో ఒక్కటే కిందికి దిగింది. దాట్ చిన్ ఇప్పుడు పొద్దున్నే ఎవర్నీ పిలవకుండా కాళ్లు కిందికి దించి, తనంతట తనే లేచి, కోడలి వంటకు వంకలు పెడుతోంది.

రశీదు అడుగున ఇంకో షరతు ఉంది. సాయం అందుకున్నవాళ్లు ఆరు వారాలు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం నడిపే తరగతికి హాజరై, చివర్లో పరీక్ష రాయాలి. ఆ తరగతి చెప్పేది తియల్ పారే. మోకాళ్లు బాగోలేని విద్యార్థిని కోసం దాన్ని నాలుగో అంతస్తులోనే పెట్టారు. తియల్ పార్ ఆరు వారాలూ తన హాజరు తనే వేసుకుంది, తను చెప్పిన పాఠం తనే రాసుకుంది, పరీక్ష పేపర్లు మాత్రం కమిటీ పెద్దతో దిద్దించింది.

ఆమెకు రెండో స్థానం వచ్చింది; మొదటిది దాట్ చిన్‌ది.