లెన్స్ అంచున పుట్టుమచ్చ

ఆ రోజు ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి స్టూడియో తెరవాలి. బీరువాలోంచి లెన్స్ తీయాలి. దాని మీద బిగించిన యూవీ ఫిల్టర్ అద్దాన్ని విప్పి, గుడ్డలో చుట్టి, పాత నెగటివ్‌ల డబ్బా అడుగున దాచాలి. పదకొండింటికి మామగారు వచ్చి ఆ లెన్స్‌తో అల్లుడి ఫొటో తీసి, గోడ మీద తన ఫొటో పక్కన పెట్టిస్తారు. పన్నెండింటికి పెయింటర్ వచ్చి బోర్డు మీద మామగారి పేరు చెరిపి అల్లుడి పేరు రాస్తాడు. ఇందులో కాస్త కష్టమైన పని పెయింటర్‌ది ఒక్కటే అనుకున్నాడు.

వీధిలో అతన్ని అందరూ అల్లుడుగారనే పిలుస్తారు. పన్నెండేళ్లుగా ఆ స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు, బడి పిల్లల గ్రూపు ఫొటోలు తీస్తున్నది అతనే అయినా, బోర్డు మీద పేరు మాత్రం మామగారిది. కొత్తగా వచ్చినవాళ్లు కూడా బోర్డు చదివి, లోపలికి తొంగి చూసి, "మాస్టారు లేరా? పోనీ, మీరే తీసెయ్యండి," అంటారు. ఆ 'పోనీ' విన్నప్పుడల్లా అతని ప్రాణం చివుక్కుమనేది. పైకి మాత్రం, "గడ్డం కొంచెం ఎత్తండి," అని ఊరుకునేవాడు.

మామగారు నలభై ఏళ్లు ఫొటోలు తీసి, మోకాళ్లు మొరాయించడంతో రెండేళ్ల కిందట ఇంటిపట్టున కూర్చున్నారు. వెళ్తూ వెళ్తూ ప్రాణంలా చూసుకున్న లెన్స్‌ని అల్లుడి చేతిలో పెట్టి రెండు మాటలు చెప్పారు. మొదటిది దాని అంచున ఉన్న చిన్న సొట్ట గురించి. "అది పుట్టుమచ్చ. పుట్టుకతోనే ఉంది. దాన్ని గెలకొద్దు." రెండోది శిష్యులందరికీ జీవితమంతా చెప్పిన మాట. "లెన్స్‌కి అడ్డంగా ఇంకో అద్దం పెట్టేవాడు ఫొటోగ్రాఫరే కాదు. అంత భయమైతే కెమెరాకి దుప్పటి కప్పి పడుకోబెట్టుకోమను." ఊరికే అనడం కాదు, ఫిల్టర్ పెట్టినందుకు ఇద్దరు శిష్యుల్ని స్టూడియోలోంచి పంపేశారు కూడా.

అల్లుడు ఆ మాట పది రోజులు నిలబెట్టుకున్నాడు. పదకొండో రోజున ఒక బడిలో ఒకటో తరగతి గ్రూపు ఫొటో. ముందు వరసలోని ఒక పాప లేచి వచ్చి, "అంకుల్, ఇందులో నేనున్నాను!" అంటూ లెన్స్‌లో కనబడుతున్న తన బొమ్మను చాక్లెట్ వేలితో పొడిచింది. ఆ సాయంత్రమే అతను యూవీ ఫిల్టర్ కొనుక్కొచ్చాడు. ఎండలోని కంటికి కనబడని కిరణాలను ఆపడం దాని పని అని డబ్బా మీద రాసి ఉంటుంది గాని, అతను కొన్నది కంటికి బాగా కనబడే వేళ్లను ఆపడానికే. బిగిస్తున్నప్పుడు చివరి చుట్టు దగ్గర 'కర్' మంది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాడు. మామగారు వారానికోసారి ఫోన్ చేసి, "దానికి అడ్డంగా ఏమీ పెట్టలేదు కదా?" అని అడిగేవారు. "అయ్యో, ఎందుకు పెడతాను మావయ్యా," అని వారానికో అబద్ధం చొప్పున రెండేళ్లు నెట్టుకొచ్చాడు.

ఇప్పుడు ఫిల్టర్ కదలనంటే కదలనంది. గుడ్డ పెట్టి తిప్పాడు. పళ్లు బిగబట్టి తిప్పాడు. ఎటు తిప్పితే వదులవుతుందన్న దాని మీదే అనుమానం వచ్చి, ఒకసారి అటువైపు కూడా తిప్పాడు. దాంతో ఇంకాస్త బిగిసింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది.

స్టూడియో వెనకే ఇల్లు. భార్య టీ పట్టుకుని వచ్చింది. ఆవిడకి ఫిల్టర్ సంగతి చెప్పలేదు. ఆవిడ మంచిదే గాని, తండ్రి దగ్గర ఏ రహస్యమూ అరగంటకి మించి దాచలేదు.

"చెయ్యేంటండీ అలా కందిపోయింది?"

"ఏం లేదు, బెణికినట్టుంది."

"ఇవాళే బెణకాలా! ఉండండి, ఐసు తెస్తాను."

"ఐసు వద్దు గానీ, గిన్నెలు తోమేటప్పుడు వేసుకుంటావే రబ్బరు గ్లౌజులు, అవి ఓసారి ఇవ్వు."

ఆవిడ అతని వంక కాసేపు అలాగే చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆ గ్లౌజుల ఊసెత్తిన రోజు లేదు. ఇంత ముఖ్యమైన రోజున, బెణికిన చేత్తో, తనకి సాయంగా గిన్నెలు తోమబోతున్నాడని అర్థమై ఆవిడ కళ్లు చెమర్చాయి. గ్లౌజులు తెచ్చిచ్చి, వెంటనే తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఆయన చెయ్యి బెణికింది. అయినా వినకుండా గిన్నెలు తోముతానంటున్నారు."

"కెమెరా పట్టే చేత్తో గిన్నెలేంటే! నేను పదిన్నరకే వచ్చేస్తానుండు."

అలా పథకంలో అరగంట పోయింది.

గ్లౌజులతో కూడా ఫిల్టర్ కదల్లేదు. చల్లదనానికి లోహం ముడుచుకుంటుందని చిన్నప్పుడు చదువుకున్నది గుర్తొచ్చింది. లెన్సూ ఫిల్టరూ రెండూ కలిసి ముడుచుకుంటే ఏమవుతుందో మాత్రం గుర్తు రాలేదు. భార్య ముందుగది ఊడుస్తుండగా వంటింట్లోకి వెళ్లి, లెన్స్‌ని సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక పెట్టాడు. తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా భార్య. చేతులకి గ్లౌజులున్నాయి, పక్కనే సింకు ఉంది. ఇక తప్పించుకునే దారి లేక గిన్నెలన్నీ తోమాడు. ఒక మూకుడు మాడి ఉంది. అది కూడా తోమాడు.

అంతా అయ్యాక ఆవిడ ఐసు కోసం ఫ్రిజ్ తెరిచింది.

"ఏవండీ, నాన్న లెన్స్ పాల వెనక ఉందేంటి?"

"ఎండలు మండిపోతున్నాయి కదా. వేడికి పాడవుతుందేమోనని."

ఆవిడ మళ్లీ కరిగిపోయింది. మళ్లీ ఫోన్ చేసింది.

"నాన్నా, నీ లెన్స్‌ని ఆయన ఎంత అపురూపంగా చూసుకుంటున్నారనుకున్నావు! పాడవకుండా ఫ్రిజ్‌లో పెట్టారు."

అవతల కుర్చీ పడిపోయిన చప్పుడు, "నా చెప్పులేవీ?" అన్న కేక వినబడ్డాయి. ఆయన ఇంటి నుంచి స్టూడియోకి పావుగంట.

అల్లుడు లెన్స్ పట్టుకుని స్టూడియోలోకి పరిగెత్తాడు. బయటి గాలి తగిలేసరికి అద్దం నిండా ఆవిరి పట్టింది. పైన తుడిస్తే లోపల ఇంకో పొర కనబడింది. కళ్లు కూడా మోసం చేస్తున్నాయనుకుని నేల మీద చతికిలబడి, లెన్స్‌ని మోకాళ్ల మధ్య ఇరికించి, తడి గ్లౌజులతోనే మళ్లీ మొదలుపెట్టాడు. పెయింటర్ భుజాన నిచ్చెనతో లోపలికి వచ్చింది అప్పుడే.

"ముందే వచ్చాను సార్, మధ్యాహ్నం ఇంకో బోర్డుంది," అని చెప్పి, అతని వాలకం చూసి నిచ్చెన దించాడు. "పట్టేసిందా సార్?"

ఆ ఉదయం అతన్ని అడగవలసిన ప్రశ్న అడిగింది పెయింటర్ ఒక్కడే. అల్లుడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"దీనికింత బాధేంటి సార్? మా రంగు డబ్బాల మూతలూ ఇంతే. గట్టిగా నొక్కిపడితే గుండ్రంగా ఉన్నది కాస్తా వంకరపోయి ఇంకా బిగుస్తుంది. మెల్లిగా పట్టుకోవాలి." సంచిలోంచి సైకిల్ ట్యూబు ముక్క తీసి ఫిల్టర్ చుట్టూ వేసి, కుంచె పిడితో అంచు పొడుగునా మెల్లగా తడుతూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో మామగారు, ఆయన వెనకే కూతురు. మామగారు ఆయాసపడుతూ కళ్లజోడు సర్దుకున్నారు. చూడవలసింది చూశారు.

"ఏమిటది?"

"ఫిల్టర్ మావయ్యా."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"నేను ఫోన్ చేసి అడిగినప్పుడల్లా..."

"అప్పుడూ ఉంది మావయ్యా."

"మరి గిన్నెలు?" అంది భార్య.

అల్లుడు గ్లౌజులు తీసేసి నిలబడ్డాడు. ఇక దాచడానికి ఏమీ లేదు. "భయమేసింది మావయ్యా. అది మీ లెన్స్. దాని మీద గీత పడితే మీకు మొహం ఎలా చూపించను? అందుకే పెట్టాను."

"భయపడేవాడి పేరు నా బోర్డు మీద ఉండదు," అన్నారు మామగారు. "ఏమయ్యా పెయింటరూ, నిచ్చెన తీసుకుని వెళ్లిపో. బోర్డు అలాగే ఉండనీ."

అల్లుడికి ఇంకో పన్నెండేళ్ల 'పోనీ'లు కళ్ల ముందు కదిలాయి. నిజంగానే ఏడుపొచ్చింది. పాస్‌పోర్టు ఫొటోల తెర వైపు తిరిగి నిలబడ్డాడు.

పెయింటర్ మాత్రం లేవలేదు. సగంలో వదిలేసిన మూత అతని లెక్కలో పెద్ద తప్పు. ఇంకో రెండు దెబ్బలు వేసి, ట్యూబు మెల్లగా తిప్పాడు. 'కర్' మంది. "వచ్చేసింది సార్," అని ఫిల్టర్ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. తరవాత లెన్స్‌ని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంకోటుంది. దీన్నీ తీసేయమంటారా?" అన్నాడు.

"ఇంకోటేంటి?" అంటూ అల్లుడు వెనక్కి తిరిగాడు.

ముగ్గురూ వంగి చూశారు. నల్లటి రింగు. అది లెన్స్‌లో భాగమనే అల్లుడు ఇన్నాళ్లూ అనుకున్నాడు. రింగులో పల్చటి అద్దం, ఆ అద్దం వెనక అసలు లెన్స్. పుట్టుమచ్చ ఉన్నది ఆ రింగు మీద. అల్లుడి ఫిల్టర్ ఇరుక్కున్నదీ ఆ సొట్ట దగ్గరే.

ముగ్గురూ అన్నానే గాని, మామగారు వంగలేదు. పాస్‌పోర్టు ఫొటోలకు జనం కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు.

"నాన్నా?" అంది కూతురు.

"ముప్పై రెండేళ్లయింది," అన్నారాయన నేల చూపులు చూస్తూ. "ఒక గ్రూపు ఫొటో దగ్గర స్టాండు పడిపోయింది. లెన్స్‌కేం కాలేదు. ఫిల్టర్ అంచు సొట్టపోయింది. ఇక చచ్చినా రాలేదు."

"తీయడానికి చూశారా మావయ్యా?"

"చూడకేం. ఫ్రిజ్‌లో కూడా పెట్టాను." గొంతు తగ్గించి అన్నారు. "గిన్నెలు కూడా తోమాను. మీ అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది."

"మరి ఎవరూ పెట్టకూడదని అందరికీ..."

"తీయలేనివాడు ఇంకేం చెప్తాడు? పెట్టొద్దనే చెప్తాడు."

పంపేసిన ఇద్దరు శిష్యులు అల్లుడికి గుర్తొచ్చారు. కానీ ఇప్పుడు ఆ ప్రస్తావన తేవడం బాగుండదని ఊరుకున్నాడు. మామగారి మొహం చూస్తే జాలేసింది కూడా.

"దీన్ని తీసెయ్యనా సార్? ఐదు నిమిషాల పని," అన్నాడు పెయింటర్.

"వద్దు!" అన్నారు మామా అల్లుళ్లు ఒక్క గొంతుతో.

"మరి నిచ్చెన తీసుకుపోనా, వెయ్యనా?"

మామగారు స్టూలు మీంచి లేచారు. "వెయ్యి," అన్నారు.

ఆవిరి ఆరాక అదే లెన్స్‌తో, ముప్పై రెండేళ్ల ఫిల్టర్‌తో, అల్లుడి ఫొటో తీశారు. గడ్డం కొంచెం ఎత్తమన్నారు. బాగా వచ్చింది. ఒంటిగంట కల్లా బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో అల్లుడి పేరు కూడా పూర్తయింది. ముగ్గురూ బయట నిలబడి తలలెత్తి చదువుకున్నారు. భార్య రెండుసార్లు చదివింది.

నిచ్చెన మీద నుంచి పెయింటర్ అడిగాడు. "పైన వార్నిష్ పూయమంటారా సార్? ఎండకి పేరు వెలిసిపోకుండా ఉంటుంది."

"పేరుకి అడ్డంగా ఏమీ..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టిన మామగారు మధ్యలో ఆగి, అల్లుడి వంక చూశారు.

"రెండు పూతలు వెయ్యి," అన్నారు.